కాలిపర్ బరువు ఎక్కడ తగ్గింది?

పోలియో కాళ్లకు ఆసరాగా కట్టే తేలికపాటి కాలిపర్ల కథ తెలుగునాట చాలామందికి ఒకే రూపంలో తెలుసు. అబ్దుల్ కలాం హైదరాబాదులో క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో నిమ్స్ ఆస్పత్రి నుంచి ఒక ఎముకల వైద్యుడు ప్రయోగశాల చూడటానికి వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, ఇంత తేలిగ్గా ఉందేమిటని ఆశ్చర్యపోయారు. కలాంను వెంటబెట్టుకుని తన ఆస్పత్రికి తీసుకెళ్లి, మూడు కిలోల పైచిలుకు బరువున్న లోహపు కాలిపర్లు కట్టుకుని కాళ్లీడుస్తున్న పిల్లల్ని చూపించారు. మూడు వారాలు తిరిగేసరికి మూడు వందల గ్రాముల పరికరం సిద్ధమైంది. తన జీవితంలో గొప్ప ఆనందమిచ్చిన ఘట్టాల్లో ఇదొకటని కలాం ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఆ తర్వాత వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ఈ కథ తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి చివరికి క్షిపణి పదార్థంతో పిల్లల కాళ్లు తేలికయ్యాయన్న ఒక్క ముక్కగా మిగిలింది. ఆ ముక్క దగ్గరే ఆగిపోతే అసలు సంగతి చేజారుతుంది. కాలిపర్ బరువులో పెద్ద వాటా తగ్గించింది కొత్త పదార్థం కాదనీ, కాలు ఎలా నిలబడుతుందో చూసే చూపు మారడమేననీ, ఆ చూపు వైద్యుడూ పనివాడూ రోగి కాలి దగ్గర కలిసి కూర్చున్నచోటే పుట్టిందనీ నా వాదన. చరిత్ర వరకే అయితే ఈ తేడాను ఎవరూ అంతగా పట్టించుకోనక్కర్లేదు. కానీ కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నలభై యాభై ఏళ్లుగా పోలియో కాలుతో బతుకు నెట్టుకొస్తున్నవారికి ఇవాళ ఏం అందాలన్నది ఈ తేడాను బట్టే తేలుతుంది.

ముందు లెక్క చూద్దాం. నీటితో పోలిస్తే ఉక్కు దాదాపు 7.85 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు, కార్బన్ ఫైబర్ మిశ్రమాలు సుమారు 1.6 రెట్లు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ అయితే 0.9, అంటే నీటిలో తేలుతుంది. ఉక్కు కడ్డీ తీసేసి అంతే మందం అల్యూమినియం కడ్డీ వేస్తే బరువు మూడో వంతుకు పడిపోతుంది. అయితే అల్యూమినియం బిగువు కూడా ఉక్కులో మూడో వంతే. వంగకుండా అదే గట్టిదనం రావాలంటే కడ్డీ మందం ఒకటిన్నర రెట్ల దాకా పెంచాలి. అప్పుడు బరువు సగం దగ్గర ఆగిపోతుంది. పైగా పాత కాలిపర్ బరువంతా కడ్డీలదే కాదు. తొడ మొదలు నుంచి మడమ దాకా కాలికి రెండు పక్కలా రెండు కడ్డీలు, మోకాలి దగ్గర కిందికి జారి తాళంలా పడే రింగు, తొడకూ పిక్కకూ తోలు పట్టీలు, బకిళ్లు, మోకాలి చిప్ప మీద తోలు తొడుగు, అన్నిటికీ కింద దళసరి బూటు. కడ్డీల కొసలు ఆ బూటు మడమలోకి దిగి ఉంటాయి. లోహాన్ని ఎంత మార్చినా బూటూ తోలూ అక్కడే ఉంటాయి. కాబట్టి మూడు కిలోలు మూడు వందల గ్రాములకు, అంటే పదో వంతుకు దిగాలంటే భాగాలే తీసేయాలి. హైదరాబాదులో జరిగింది అదే. అక్కడ తయారైనది మోకాలి కిందే మొదలై పాదం కింద ముగిసే పరికరం. తొడ పట్టీ లేదు, మోకాలి కీలు లేదు, బూటు లేదు. కలాం దాన్ని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అనే పేరుతోనే చెప్పేవారు. ఆ సూత్రం క్షిపణి ప్రయోగశాలలో పుట్టలేదు. 1969లోనే అమెరికాలో సాల్టియెల్ అనే నిపుణుడు మోకాలిని నిలబెట్టే పొట్టి కాలిపర్ గురించి ప్రచురించాడు. ఇక అగ్ని కోసం చేసిన ఆ పదార్థం, కలాం చెప్పిన కార్బన్–కార్బన్ విషయానికొస్తే, వాతావరణంలోకి తిరిగి దూసుకొచ్చే క్షిపణి ముక్కు దగ్గర పుట్టే వేల డిగ్రీల వేడిని తట్టుకోవడం దాని అసలు గొప్పతనం. పిల్లవాడి కాలికి ఆ గుణంతో పనేముంది? కాలికి కావలసింది రోజుకు వేలసార్లు వంగబోయి వంగకుండా నిలిచే ఓర్పు, ఆ కాలి వంపులోకి ఒదిగే తీరు.

ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ సూత్రం అర్థం కావాలంటే పోలియో వచ్చినవారు ఏ పరికరమూ లేనప్పుడు ఎలా నడుస్తారో గమనించాలి. తొడ ముందువైపు కండరం చచ్చుబడితే, బరువు మోపగానే మోకాలు ముడుచుకుని మనిషి కూలబడతాడు. అందుకే అడుగు వేసిన ప్రతిసారీ అరచేతిని తొడ మీద, మోకాలికి కాస్త పైన ఆనించి వెనక్కి నొక్కుతాడు. నడుము వంగుతుంది, భుజం ఆ పక్కకు వాలుతుంది, మోకాలు బిగుసుకుంటుంది, రెండో కాలు ముందుకు పడుతుంది. ఆ నడక చూడని ఊరు మన జిల్లాల్లో లేదు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాన్ని కనిపెట్టుకున్నారు. యంత్రశాస్త్రం ప్రకారం అది సరిగ్గా లెక్క కుదిరిన పని. మనం నిలబడినప్పుడు నేల మనల్ని పైకి నెడుతుంది. ఆ తోపుడు గీత మోకాలి వెనుకగా పోతే కాలు ముడుచుకుంటుంది, ముందుగా పోతే బిగుసుకుంటుంది. తొడ మీది చెయ్యి చేస్తున్నది మోకాలిని ఆ గీతకు వెనక్కి నెట్టడమే. మరి చెయ్యి చేసే పనిని నేల చేతే చేయిస్తే? చీలమండను కదలకుండా బిగించి, పాదం వేళ్లవైపు అతి కొద్దిగా వాలేలా ఉంచి, మోకాలి చిప్పకు దిగువన కాలి ముందు ఎముక మీద వెడల్పాటి పలక ఆనేలా చేస్తే, పాదం ముందు భాగం నేలను తాకగానే ఆ తోపుడు పలక గుండా మోకాలిని వెనక్కి నెట్టేస్తుంది. కండరం లేకుండానే మోకాలు నిలుస్తుంది. కూర్చోవాలనుకుంటే తాళం తీసే పని లేదు, మోకాలు మామూలుగా వంగుతుంది. చెయ్యి తొడను వదిలి పైకి వస్తుంది. పుస్తకాల సంచో, నీళ్ల బిందో, తోబుట్టువు చెయ్యో పట్టుకోవడానికి ఖాళీ అవుతుంది. మూడు వందల గ్రాముల్లో ఉన్న అసలు విలువ ఇదని నాకనిపిస్తుంది.

బరువు తగ్గడం చిన్న సంగతని నేననడం లేదు. అయిదేళ్ల పిల్లవాడు పదిహేను పదహారు కిలోలుంటాడు. ఒక్కో కాలికి మూడు కిలోలంటే వాడి ఒంటి బరువులో అయిదో వంతు. అదీ కాలి చివర వేలాడే బరువు. పాదం దగ్గర మోసే కిలో బరువు, నడుము దగ్గర మోసే నాలుగైదు కిలోలంత అలసట కలిగిస్తుందని సైనికుల బూట్ల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. బలమున్న సైనికుడి సంగతే అది. సగం కండరాలు చచ్చుబడిన కాలికి ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఆ ఇనుప కాలిపర్‌కు మూలం 19వ శతాబ్దపు ఇంగ్లండు. లివర్‌పూల్ డాక్టరు హ్యూ ఓవెన్ థామస్ తరతరాలుగా ఎముకలు కట్టే వంశంలో పుట్టినవాడు. తన వైద్యశాలలోనే ఒక కమ్మరినీ, తోలు పనివాణ్ణీ పెట్టుకుని, రోగి కాలిని పక్కనే కొలిచి కడ్డీలు వంచి ఇచ్చేవాడు. లివర్‌పూల్ వీధులకూ, ఇంట్లో బయటా బూట్లు విప్పని జనానికీ అది సరిపోయిన పరికరం. అక్కడినుంచి అది ప్రపంచమంతా పాకింది. 1921లో పోలియో వచ్చిన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నిలబడి ప్రసంగించడానికి కట్టుకున్నదీ ఉక్కు కాలిపర్లే. మన ఆస్పత్రులకూ అదే నమూనా వచ్చింది. కడ్డీలు వచ్చాయి, బూటు వచ్చింది. ఆ కమ్మరినీ తోలు పనివాణ్ణీ రోగి పక్కన కూర్చోబెట్టుకునే పద్ధతి మాత్రం మన జిల్లా ఆస్పత్రులకు ఆ పరికరమంత తేలిగ్గా చేరలేదు. ఒక పరికరాన్ని అరువు తెచ్చుకునేటప్పుడు వస్తువుకంటే ముందు పద్ధతిని తెచ్చుకోవాలని ఇక్కడ తెలుస్తుంది.

కోనసీమలో ఆ బూటు కాలిపర్ ఎలా పనిచేసి ఉంటుందో ఊహించడానికి ఈ నేల తెలిస్తే చాలు. గౌతమి, వశిష్ట, వైనతేయ పాయల మధ్య ఒండ్రుతో ఏర్పడ్డ ప్రాంతమిది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలూ పంటబోదెలూ ఇంటింటి పెరడు దాకా వచ్చాయి. చేను గట్టు మీద నడవాలి. బోదె దాటాలంటే తాటి దుంగో కొబ్బరి మానో వేసి ఉంటుంది. దాని మీద రెండు పాదాలు పక్కపక్కన పట్టవు. వానాకాలంలో పుంతలన్నీ చిత్తడి. లంకల్లో ఉన్నవారు రేవు దిగి పడవెక్కాలి. సముద్రం వైపు అంతర్వేది, ఓడలరేవు గ్రామాల్లో ఉప్పుగాలికి ఇంటి కిటికీ ఊచలే ఏడాది తిరక్కుండా తుప్పు పడతాయి. తోలు పట్టీ ఒకసారి నానితే ఆరేసరికి బిర్రబిగిసి చర్మాన్ని ఒరుస్తుంది. ఒరిసినచోట పుండు పడితే పోలియో కాలిలో రక్తప్రసారం తక్కువ కనుక అది త్వరగా మానదు. ఇక ఇల్లు. చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి వెళ్లే ఇంట్లో బూటుకు అతికిన కాలిపర్‌ను ఏం చేయాలి? వంటింట్లోకి, పూజగదిలోకి, గుడిలోకి ఆ బూటుతో వెళ్లలేరు. దాన్ని విప్పితే నిలబడలేరు. కాబట్టి కాలిపర్ బడికి వెళ్లేటప్పుడు మాత్రమే కట్టుకునే వస్తువవుతుంది, కొన్నాళ్లకు అటకెక్కుతుంది. మన దేశంలో ఎన్నో కాలిపర్లు అలా మూలపడ్డాయంటే, తప్పు కట్టుకోని పిల్లవాడిదని అనుకోవడం అన్యాయం. నేల మీద కూర్చుని తినే, చెప్పులు విప్పి తిరిగే మనిషిని లెక్కలోకి తీసుకోని పరికరానిది ఆ తప్పు.

ఆ పిల్లలకు ఏ పనులు దూరమయ్యాయో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడి పనులన్నీ కాలి బలం అడిగేవే. కొబ్బరి దింపు మాటే లేదు. వలుపు పనికి గంటల తరబడి నిలబడాలి. వరి నాటు, కోత బురదలో జరిగేవి. బండారులంక, పుల్లేటికుర్రు లాంటి నేత గ్రామాల్లో గుంట మగ్గం దగ్గర కూర్చునే చేసినా, గుంటలో కాళ్లతో చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కాలి. అందుకే పోలియో వచ్చినవారు చదువువైపు, కుట్టుపనివైపు, చిల్లర కొట్టువైపు మళ్లారు. 1990లలో ఎస్టీడీ బూత్‌లు వచ్చినప్పుడు వికలాంగుల కేటాయింపులో ఎందరికో అదే జీవనాధారమైంది, సెల్‌ఫోన్లు వచ్చి దాన్నీ మూసేశాయి.       

ఇప్పుడు మళ్లీ హైదరాబాదుకు వద్దాం. తేలిక కాలిపర్ అక్కడే ఎందుకు వచ్చింది? నిమ్స్ మొదట నిజాం ఆర్థోపెడిక్ ఆస్పత్రిగా పుట్టింది. ఎముకల వైద్యమే దాని పునాది. పోలియో పిల్లలు రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడికి చేరేవారు. నగరానికి మరో కొసన కాంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఎల్ ఉంది. 1983లో మొదలైన క్షిపణి కార్యక్రమం కోసం అచ్చులు పోయడం, పొరలు పేర్చడం, బలం ఎక్కడ పడుతుందో లెక్కగట్టడం తెలిసిన ఇంజనీర్లు అక్కడ ఉన్నారు. అగ్ని మొదటిసారి ఎగిరింది 1989 మే 22న. ఈ రెండు సంస్థలూ ఒకే ఊళ్లో ఉన్నా వాటి మధ్య రాకపోకలు లేవు. ఒక వైద్యుడు ప్రయోగశాలకు వెళ్లడం, ఒక డైరెక్టరు వార్డుకు రావడం అనే రెండు ప్రయాణాలతో వాటి మధ్య గోడ కూలింది. వార్డులో పిల్లల నడక చూడకుండా మూడు వారాల్లో ఏ ఇంజనీరూ ఆ పరికరం చేయలేడు. 1993లో డీఆర్‌డీఎల్ మాతృసంస్థ డీఆర్‌డీఓ బయోమెడికల్ టెక్నాలజీ సొసైటీ ఏర్పడటం, గుండె వైద్యుడు సోమరాజుతో కలిసి కలాం స్టెంట్ రూపొందించడం ఆ తర్వాతి అడుగులు. హైదరాబాదు కాలిపర్‌కు సుమారు ఇరవై ఏళ్ల ముందే జైపూర్‌లో ఇలాంటిదే జరిగింది. డాక్టరు పి.కె. సేఠీ, పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1968 ప్రాంతంలో చేసిన జైపూర్ కృత్రిమ పాదం, చెప్పుల్లేకుండా నడిచే, గొంతుకూర్చునే, బురదలో దిగే మనిషి కోసం తయారైంది. లివర్‌పూల్, జైపూర్, హైదరాబాదు మూడుచోట్లా పదార్థాలు వేరు. ఉక్కు ఒకచోట, రబ్బరు ఒకచోట, మిశ్రమ పదార్థం ఒకచోట. మూడింటా ఉన్నది వైద్యుడూ పనివాడూ ఒకే కాలిని కలిసి చూడటం.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఊహించగలను. ఇది కలాం పాత్రను తగ్గించడం కాదా? కాదు, సరైనచోట పెంచడం. దేశ రక్షణ పనిలో ఊపిరి సలపని అధికారి ఒక వైద్యుడి మాట విని ఆస్పత్రికి వెళ్లాడు, పని మూడు వారాల్లో ముగించాడు, ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యాక కూడా దాన్ని మరిచిపోకుండా చెబుతూ వచ్చాడు. కాలిపర్ కూడా ఇంజనీరింగు సమస్యేనని ఈ దేశం గుర్తించడానికి ఆయన మాట ఎంతో దోహదం చేసింది. పదార్థానికి ఘనత కట్టబెడితేనే నష్టం. అప్పుడు మనం ఇంకా తేలికైన పదార్థం ఎక్కడో తయారై వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటాం, ఇప్పటికే చేతిలో ఉన్న ప్లాస్టిక్ రేకుతో అమలాపురంలోనే చేయగలిగిన పని చేయకుండా వదిలేస్తాం.

ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే నా మాట మరింత తెలుస్తుంది. కాలికి పల్చటి మేజోడు తొడిగి, పెన్సిలుతో ఎముక బుడిపెలకు గుర్తులు పెట్టి, ప్లాస్టర్ పట్టీలతో పిండికట్టు చుడతారు. అది గట్టిపడే కొద్ది నిమిషాలూ చీలమండను కావలసిన కోణంలో చేత్తో పట్టుకుని ఉండాలి. అక్కడ రెండు డిగ్రీలు తప్పితే కాలిపర్ మోకాలిని నిలబెట్టదు. కట్టును కోసి తీసి, ఆ గుల్లలో ప్లాస్టర్ పోస్తే కాలి ప్రతిరూపం వస్తుంది. దాన్ని ఆకురాయితో చెక్కుతారు. ఒత్తిడి తట్టుకునేచోట కొంచెం తీస్తారు, మోకాలి పక్క బుడిపె దగ్గర, చీలమండ ఎముకల దగ్గర కొంచెం పిండి పెడతారు. అలా వదిలిన రెండు మిల్లీమీటర్ల ఖాళీ వల్లే అక్కడ పుండు పడదు. తర్వాత పాలీప్రొపిలీన్ రేకును ఓవెన్‌లో పాలరంగు పోయి గాజులా అయ్యేదాకా వేడిచేసి, ఆ ప్రతిరూపం మీద పరిచి, లోపలి గాలిని పంపుతో లాగేస్తారు. చల్లారాక అంచులు కోసి, రాపిడి పట్టి, పట్టీలు బిగిస్తారు. అన్నీ కలిపి ఒక ఓవెన్, ఒక వ్యాక్యూమ్ పంపు, రంపం, రాపిడి యంత్రం. ఒక్కటీ క్షిపణి ప్రయోగశాల సామాను కాదు. యుద్ధాలతో చితికిన పేద దేశాల్లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కాళ్లు కోల్పోయినవారికి దశాబ్దాలుగా ఈ పాలీప్రొపిలీన్ పద్ధతితోనే పరికరాలు ఇస్తోంది. ఇందులో ఖరీదైనది నేర్పున్న చెయ్యి. ఆ చెయ్యి రోగికి అందుబాటులో ఉండటం అంతకంటే ఖరీదైనది.

రెండో అభ్యంతరం వైద్యులనుంచి వస్తుంది, అది న్యాయమైనదే. ఈ పొట్టి కాలిపర్ అందరికీ పనికిరాదు. మోకాలు పూర్తిగా చాచుకోని వారికి, అంటే పది పదిహేను డిగ్రీలకు మించి ముడుచుకుపోయినవారికి, తుంటి కండరాల్లో బొత్తిగా బలం లేనివారికి, మోకాలు వెనక్కి విల్లులా వంగిపోయినవారికి ఇది పనిచేయదు, కొందరికి హాని కూడా. బరువైన పెద్దవాళ్లకు ప్లాస్టిక్ పగుళ్లు ఇస్తుంది. వారికి పక్కన లోహపు కడ్డీలు, తొడదాకా ఆసరా తప్పవు. మన ఉక్కపోతలో ప్లాస్టిక్ కింద చెమట పట్టడం కూడా నిజమే. నూలు మేజోడు, గాలి రంధ్రాలు కొంత మేలు చేస్తాయి, పూర్తిగా కాదు. అయితే ఇవన్నీ నా వాదనకే బలమిస్తాయి. ఎవరికి ఏది పడుతుందో కాలిని చూసి, నడిపించి, కొలిచి తేల్చాలి తప్ప, తేలికది మంచిదని అందరికీ ఒకటే పంచకూడదు. ముడుచుకున్న మోకాలిని శస్త్రచికిత్సతో చాచి, ఆ తర్వాత తేలిక కాలిపర్ ఇవ్వవచ్చు. కోస్తా జిల్లాల్లో ఆ పని దశాబ్దాలుగా శిబిరాలు పెట్టి చేసినవారిలో విశాఖపట్నం ఎముకల వైద్యులు డాక్టర్ సుంకర ఆదినారాయణరావు పేరు ముందు చెప్పుకోవాలి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. శస్త్రచికిత్స, కాలిపర్ ఒకదానికొకటి పోటీ కావు. కోత కాలిని చాచుతుంది, కాలిపర్ దాన్ని మళ్లీ ముడుచుకోకుండా కాపాడుతుంది. రెండోది సమయానికి అందకపోతే మొదటిది వృథా.

పోలియోనే పోయింది కదా, ఇంకా కాలిపర్లు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. పోయిన మాట నిజం. 2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. ఆ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. అయితే పోయింది వ్యాధి, దాని బారిన పడినవారు కాదు. సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో, పల్స్ పోలియో 1995లో మొదలయ్యాయి. అంతకు ముందు పుట్టినవారిలోనే ఎక్కువమందికి ఈ వైకల్యం వచ్చింది. వారి వయసు ఇప్పుడు ముప్పై నుంచి అరవై పైన. ఇంకో ముప్పై నలభై ఏళ్లు వారు మన మధ్య నడవాల్సినవారు. పైగా పోలియో వచ్చిన పదిహేను నుంచి నలభై ఏళ్ల తర్వాత కొందరికి మళ్లీ కొత్తగా నీరసం, నొప్పులు, బాగున్న కాలిలో కూడా బలం తగ్గడం మొదలవుతాయి. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. ఇన్నేళ్లూ చచ్చుబడిన కాలి పని కూడా చేస్తూ వచ్చిన కండరాలు అరిగిపోవడమే దానికి కారణమని వైద్యులు భావిస్తారు. చిన్నప్పుడు ఇనుప కాలిపర్ అటకెక్కించి, చెయ్యి తొడకు ఆనించుకుని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన మనిషికి యాభయ్యో ఏట అసలు అవసరం మొదలవుతుంది. పక్షవాతంతో పాదం జారిపోయినవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు, వంకర పాదాలతో పుట్టిన శిశువులకు, వెన్నుదెబ్బ తిన్నవారికి కావలసిన పరికరాలు కూడా ఇదే ఓవెన్‌లో, ఇదే చేత్తో తయారయ్యేవే.

మూడు చక్రాల బండి ఇచ్చాం, పింఛను ఇస్తున్నాం, ఇంకేం కావాలన్నది మరో వాదన. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలైంది, అది ఎంతో మేలు. మూడు చక్రాల బండి కూడా రోడ్డు మీద స్వేచ్ఛనిస్తుంది. కానీ బండి గడప దగ్గర ఆగిపోతుంది. చేను గట్టు మీదికి, దుంగ మీదికి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కే పలక మీదికి, పై అంతస్తులో ఉన్న బ్యాంకు మెట్ల మీదికి అది రాదు. అక్కడ కాలే కావాలి. పరికరాలు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచే ఉంది. చిక్కంతా శిబిరం పద్ధతిలో వస్తుంది. మూడు చక్రాల బండిని శిబిరంలో పంచవచ్చు, చేతికర్రను పంచవచ్చు. కాలిపర్‌ను మాత్రం అలా పంచలేం. కొలత తీసుకున్న నాటికీ పరికరం చేతికొచ్చే నాటికీ నెలలు గడిస్తే ఎదిగే పిల్లవాడి కాలు మారిపోతుంది. పెద్దవారికైనా మొదటిసారి తొడిగాక రెండుమూడుసార్లు దిద్దాలి, ఒరిసినచోట వేడిచేసి వెడల్పు చేయాలి, పట్టీ తెగితే మార్చాలి. ఆ చిన్న దిద్దుబాటుకు కోనసీమ మనిషి కాకినాడకో రాజమండ్రికో విశాఖకో వెళ్లాలంటే ఒక రోజు కూలి, రెండు బస్సులు, తోడుగా ఇంకొకరు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన రాకముందు ఆ దారిలో రేవు దాటడం కూడా కలిసేది. అలాంటి దూరం ఉన్నచోట మూడు వందల గ్రాముల కాలిపర్ కూడా అటకెక్కక తప్పదు.

2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. అమలాపురంలో ఏరియా ఆస్పత్రి ఉంది, వైద్య కళాశాల ఉంది. జిల్లాలో ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ ఉన్నాయి. ఎముకల వార్డు పక్కన ఒక పిండికట్టు గది, ఒక ఓవెన్, ఒక వ్యాక్యూమ్ పంపు, కాలిపర్లు చేయడంలో శిక్షణ పొందిన ఇద్దరు ఆర్థోటిస్టులు ఉండి, రాజోలుకూ కొత్తపేటకూ వారానికొకరోజు దిద్దుబాటు సామానుతో ఒక వ్యాను తిరిగితే చాలు. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు, చట్టం అడ్డు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరికరాలు అందించమని చెబుతూనే ఉంది. జిల్లా అధికారులూ ప్రజాప్రతినిధులూ సమీక్షల్లో ఎన్ని పరికరాలు పంచామన్న లెక్కతో పాటు, పంచినవాటిలో ఏడాది తర్వాత ఎన్ని కాలికి ఉన్నాయన్న లెక్క కూడా అడగాలి.

చదివేవారికి ఒక మాట. మీ ఊళ్లో, మీ ఇంట్లో తొడకు చెయ్యి ఆనించి నడిచే పెద్దవారు ఉంటే, చిన్నప్పటి కాలిపర్ పడలేదు కనుక ఇక ఏదీ పడదని అనుకోనివ్వకండి. పడుకోబెట్టి చూసినప్పుడు మోకాలు తిన్నగా చాచుకుంటుంటే, తుంటి దగ్గర కాస్త బలం ఉంటే, మోకాలి కిందవరకే ఉండే కాలిపర్ వారికి సరిపోయే అవకాశం ఉంది. ఎముకల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ మాకు పనికొస్తుందా అని పేరుపెట్టి అడగండి. కొలత తీసినవారినే దిద్దుబాటుకు మళ్లీ ఎప్పుడు రమ్మంటారో కూడా ఆ రోజే అడిగి రాయించుకోండి.